‘కపా’ను నారచీర అనవచ్చా? ‘కప్పు’తో దానికి చుట్టరికముందా?

ప్రశ్న:
హవాయి దీవుల పాత చేతిపనుల మీద రాస్తున్న వ్యాసంలో ‘కపా’ అనే బట్టను ‘నారచీర’ అన్నాను. దాన్ని చేసే పనిని ‘బెరడు దంచడం’ అన్నాను. సరిపోతాయా? కపాకు దుప్పటి అనే అర్థం కూడా ఉంది కదా, మన ‘కప్పు’తో సంబంధం ఉంటుందా?

జవాబు:
కప్పుతో సంబంధం లేదండీ. వినగానే అందరికీ తోచేదే, కానీ మొదటి అక్షరం దగ్గరే తేలిపోతుంది. హవాయి భాషలో ‘క’ ఉన్నచోట మిగతా పాలినీషియా (పసిఫిక్ దీవుల) భాషల్లో ‘త’ ఉంటుంది. వాళ్ల చేమదుంప ‘కలో’ మిగతాచోట్ల ‘తారో’. నిషేధం ‘కపు’, మిగతాచోట్ల ‘తపు’. న్యూజిలాండ్ మావోరీలు మనిషిని ‘తంగత’ అంటే వీళ్లు ‘కనక’ అంటారు. అలాగే కపా అసలు రూపం ‘తపా’. హవాయి దీవుల్లోనే ఒకటైన నీహౌలో ఈనాటికీ ‘త’ వినిపిస్తుంది. 1826లో మిషనరీలు రాతను ఖాయం చేసినప్పుడు ‘క’ను ఉంచుకున్నారు, అంతే. ‘పా’కు కొట్టడం అనే అర్థం ఉంది కాబట్టి కపా అంటే ‘కొట్టినది’ కావచ్చునని హవాయి నిఘంటుకారుల అభిప్రాయం. హిందీ ‘కపడా’తో కలపడం కూడా ఇదే కారణం వల్ల కుదరదు.

మరో జవాబు:
‘నారచీర’ పూర్తిగా తప్పు కాదు, కానీ పాఠకుణ్ణి పక్కదారి పట్టిస్తుంది. అయోధ్యాకాండలో కైక తెచ్చిచ్చినవి సంస్కృతార్థంలో ‘చీర’లు, అంటే నారగుడ్డలు. ఈనాటి తెలుగు పాఠకుడికి చీర అంటే ఒక్కటే గుర్తొస్తుంది. కపాతో మగవాళ్ల గోచి ‘మలో’, ఆడవాళ్లు నడుముకు చుట్టుకునే ‘పాఊ’, భుజాల మీద వేసుకునే ‘కీహెయి’, పడుకునేటప్పుడు కప్పుకునే ‘కపా మోయె’ అన్నీ చేసేవారు.

అసలు చిక్కు ‘నార’ దగ్గర. గోగునార అనగానే పోగులు విడదీయడం, పేనడం కళ్లముందు కదులుతాయి. కపాలో పోగు విడదీయరు, వడకరు, నేయరు. పట్టను పట్టగానే పలచగా సాగదీస్తారు.

పని తీరు చూస్తే క్రియలు వాటంతటవే దొరుకుతాయి. చెట్టు పేరు వౌకే, మల్బెరీ కుటుంబానిది. పిలకలు నాటి దగ్గరదగ్గరగా పెంచుతారు. పక్కకొమ్మ మొలిచినప్పుడల్లా గిల్లేయాలి. వదిలేస్తే కొమ్మ ఉన్నచోట పట్టలో కన్ను పడుతుంది, కొట్టేటప్పుడు అక్కడే చిల్లు. కాండం అంగుళం లావెక్కాక నరికి, నిలువునా గాటు పెట్టి పట్ట ఒలుస్తారు. పై బెరడును గవ్వతో గీకి తెల్లటి లోపలి పట్టను మాత్రం ఉంచుతారు. గోధుమరంగు పొర కాస్త మిగిలినా బట్టంతా మచ్చలే. దాన్ని సముద్రపు నీళ్లలో నానబెట్టి, రాతి దిమ్మె మీద గుండ్రటి కర్రతో మొదటిసారి కొట్టి, ఎండబెడతారు. ఈ ఎండిన పట్టీ పేరు ‘మోఓమోఓ’. దాన్ని మళ్లీ తడిపి, అరటాకుల్లో చుట్టి కొన్ని రోజులు మాగబెడతారు. గోగుకట్టెలను నీళ్లలో ఊరవేయడం వేరు, ఇది వేరు. మాగింది తక్కువైతే పట్టీలు ఒకదానికొకటి అతకవు. ఎక్కువైతే ముద్దయి చేతికి అంటుకుంటుంది.

తర్వాత కొయ్య దిమ్మె మీద నాలుగు పలకల కర్రతో కొడతారు. దాని పేరు ‘ఇఎ కుకు’. ఒక పలకకు లోతైన గాళ్లు, తర్వాతి వాటికి సన్నవి, చివరిదానికి చెక్కిన నగిషీ. ఆ నగిషీ బట్టలో, నోటు కాగితంలోని నీటిగుర్తులా పడి, వెలుతురుకు పట్టుకుంటే కనిపిస్తుంది. పనంతా తడి ఆరకుండా సాగాలి, ఆరితే పీచు చిరుగుతుంది. ఒకేచోట కొడితే అక్కడ పలచబడి పోతుంది, కర్రను జరుపుతూ ఉండాలి. పట్ట మూడు నాలుగు రెట్లు వెడల్పవుతుంది.

కాబట్టి ‘దంచడం’ వద్దు. దంచితే పొడి అవుతుంది, కారంలాగా. కంసాలి రేకును సాగగొడతాడు చూడండి, కపాకు సరిగ్గా ఆ మాటే కావాలి.

ఇంకో జవాబు:
రంగుల గురించి రాస్తుంటే ఒక మాట. ‘నోనీ’ వేరు పట్ట పసుపురంగు ఇస్తుంది. కాల్చిన పగడపు సున్నం కలిపితే ఎర్రబడుతుంది. నోనీ మన తొగరు చెట్టు జాతిదే. తెలుగులో ‘తొగరు’ అంటే చెట్టూ, ఎరుపూ రెండూ! ఈ మాటను వాడుకోండి, అనువాదంలో ఇంత చక్కగా అమరేవి అరుదు. ‘ఓలెనా’ మాత్రం అచ్చంగా మన పసుపే, పడవల్లో వెంట తెచ్చుకున్న మొక్క. పసుపులో సున్నం కలిపితే పారాణి ఎరుపు వస్తుందని మనకు తెలుసు కానీ ఆ ఎరుపు నిలవదు. పసుపు ఎండకు వెలిసిపోతుంది. తొగరు రంగు అంతకన్నా గట్టిది. అందుకని ‘పసుపుతో ఎర్రరంగు అద్దేవారు’ అని రాయకండి. అద్దకానికి వెదురు బద్దల మీద చెక్కిన అచ్చులుండేవి, వాటి పేరు ‘ఓహె కాపల’.

అడిగినవారు:
ధన్యవాదాలు. ఇలా మార్చాను: “కపా అంటే వౌకే లోపలి పట్టను నానబెట్టి, మాగబెట్టి, సాగగొట్టి చేసిన బట్ట. తొగరు రంగు అద్ది, ఉతికి వాడుకునేవారు.” మొదటిసారి ఈ వివరణ ఇచ్చి, తర్వాత అంతటా కపా అనే ఉంచుతాను.

జవాబు:
బాగుంది. ‘ఉతికి’ ఒక్కటి తీసేయండి. నేత లేదు కదా, తడిస్తే పట్టు వదులుతుంది. బండకేసి ఉతికితే చినుగుతుంది.