పిల్లలంటే ఇష్టం ఉంటే చాలా? ఫోస్టర్ కేర్, దత్తత పనిలో చేరబోతున్నాను

వానచినుకు:
నమస్తే అండీ. ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో పీజీ) అయిపోయింది. ఫోస్టర్ కేర్ (ఇంట్లో ఉండలేని బిడ్డను కొన్నాళ్లు వేరే కుటుంబంలో ఉంచి పెంచడం), దత్తత కేసులు చూసే చోట సోషల్ వర్కర్‌గా ఉద్యోగం వచ్చింది. ఇంటర్వ్యూలో "ఈ పనే ఎందుకు?" అంటే "పిల్లలంటే ఇష్టమండీ" అన్నాను. ఎదురుగా ఉన్న మేడమ్ చిన్నగా నవ్వి ఏదో రాసుకున్నారు. ఆ నవ్వుకి అర్థమేమిటా అని అప్పటినుంచీ టెన్షన్. ఇంట్లోనేమో "ఏడుపులూ కోర్టులూ నీకెందుకమ్మా" అంటున్నారు. పని లోపల ఎలా ఉంటుందో చెప్పండి. మనకు చేరువైన బిడ్డను పంపించేయాల్సి వస్తే ఎలా తట్టుకుంటారు?

పాతకాపు:
ఆ నవ్వు సంగతి నేను చెప్తాను. ఇంటర్వ్యూకి వచ్చేవాళ్లు దాదాపు అందరూ అనే మాట అది. పనిలో దిగాక చూస్తే మన రోజంతా పెద్దవాళ్లతోనే గడుస్తుంది. కన్నతల్లి, ఆవిడంటే మండిపడే అమ్మమ్మ, ఫోస్టర్ తల్లిదండ్రులు, టీచర్లు, లాయర్లు. వాళ్లు పోగా మిగిలింది రిపోర్టులకు. బిడ్డ పక్కన కూర్చునే గంట కోసం పోట్లాడాల్సిందే.

ఫోస్టర్ కేర్ తాత్కాలికం. బిడ్డను సొంతింటికి చేర్చడమే సాధారణంగా మొదటి లక్ష్యం. దత్తత శాశ్వతం. ఒకే బిడ్డకు రెండు దారులూ ఒకేసారి సిద్ధం చేయాల్సి రావచ్చు. తల్లికి "మీ బిడ్డ మీ దగ్గరికి వచ్చేలా సాయం చేస్తాను" అంటూనే, అలా జరక్కపోతే ఏం చేయాలో కూడా రాసుకుంటాం. ఆ రెండో సంగతి ఆవిడకు మొదట్లోనే చెప్పేయాలి. కోర్టులో వేరేవాళ్ల నోటినుంచి విన్న తల్లి మళ్లీ మనతో మాట్లాడదు. మాట్లాడాలని అడిగే హక్కూ మనకుండదు.

ఇక రాత. అసలు పని అక్కడే ఉందని నా నమ్మకం. పేదరికం ఒక్కటే కారణంగా బిడ్డను ఇంటినుంచి తీసేయకూడదని 2009 నాటి ఐక్యరాజ్యసమితి మార్గదర్శకాలు స్పష్టంగానే చెబుతున్నాయి. అయినా కొత్తవాళ్లు ఖాళీ వంటగది చూసి కంగారులో "నిర్లక్ష్యం" అని రాసేస్తారు. నేను ఆ ముక్క కొట్టేసి, కళ్లతో చూసింది రాయమంటాను. "పాలపొడి డబ్బా అడుగున రెండు చెంచాలుంది. పొద్దుటినుంచి తాను ఏమీ తినలేదని తల్లి చెప్పింది. పాప బట్టలు ఉతికి మడతపెట్టి ఉన్నాయి." ఇది చదివితే అక్కడున్నది నిర్లక్ష్యమో పేదరికమో జడ్జిగారికే తెలుస్తుంది.

ఆ ఫైలును ఏదో ఒకరోజు ఆ బిడ్డ కూడా చదవొచ్చు. పెద్దయ్యాక తన ఫైలు చూసుకోవడానికి వచ్చిన ఒకబ్బాయి పేజీలు గబగబా తిప్పేస్తూ ఒకచోట ఆగాడు. ఎవరో వర్కరు ఎప్పుడో రాసిన వాక్యం: "వెళ్లేముందు తల్లి బాబు స్వెటర్‌కి ఊడిన గుండీ కుట్టింది." దాన్ని ఫోన్‌లో ఫొటో తీసుకున్నాడు. మానసిక నిపుణుల రిపోర్టు కాపీ ఇవ్వబోతే వద్దన్నాడు.

పంపించేయడం గురించి. "మరీ దగ్గరవకండి" అని ఫోస్టర్ తల్లులకు సలహా ఇచ్చే పెద్దలుంటారు. వినకండి. రొమేనియా రాజధాని బుకారెస్ట్‌లో 2000లో మొదలైన పరిశోధనలో 136 మంది అనాథాశ్రమ పిల్లల్లో సగం మందిని లాటరీ పద్ధతిలో ఫోస్టర్ కుటుంబాలకు పంపి, అందరినీ ఏళ్ల తరబడి గమనించారు. సుమారు రెండేళ్లలోపే కుటుంబంలోకి వెళ్లిన పిల్లలకు మనుషులతో అనుబంధం మెరుగ్గా కుదిరింది. బిడ్డ చేరువయ్యిందంటే మన పని ఫలించినట్టే. పంపేటప్పుడు మాత్రం హడావిడి వద్దు. ముందు చూసి రావడాలు, తర్వాత ఒక రాత్రి ఉండటం, అదే దుప్పటి, అదే బొమ్మ వెంట. సామాను చెత్త సంచిలో వేసి పంపేవాళ్లనూ చూశాను. దయచేసి ఒక బ్యాగు కొనండి.

రెండో_అమ్మ:
నేను ఫోస్టర్ తల్లిని. బిడ్డను గుమ్మంలో దింపేటప్పుడు పెద్ద చరిత్ర అక్కర్లేదమ్మా. దీపం తీసేస్తే భయపడుతుందా, ఇంట్లో ఏమని పిలిచేవారు, ఏ మందు పడదు, అవి చెప్పు చాలు. మొదటి వారాల్లో కొంతమంది పిల్లలు చెప్పినమాట చెప్పినట్టు వింటారు. "ఎంత బుద్ధిమంతురాలో" అని నువ్వు రిపోర్టులో రాసేయకు. అది భయం. కుదురుకున్నాకే ప్లేట్లు ఎగురుతాయి. మా ఇంట్లో ఒక పాప దిండు కింద తిండి దాచుకునేది. తిట్టకుండా మంచం పక్కన మూతున్న డబ్బా పెట్టి, రోజూ నింపాను. నెమ్మదిగా దాచడం మానేసింది. ఇలాంటప్పుడు అర్ధరాత్రి ఫోన్ ఎత్తే వర్కరుంటే మేం నిలబడతాం. లేకపోతే "ఇక మా వల్ల కాదు" అనేస్తాం.

మానేసినవాణ్ని:
పైవాళ్లు చెప్పిందంతా నిజమే, కానీ జీతం తక్కువ, కేసులు ఎక్కువ. ఆదివారం సాయంత్రమైతే కడుపులో దడ. చేరేముందు ఒక్కో వర్కరు చేతిలో ఎన్ని కేసులో అడగండి. జవాబు నసిగితే ఆలోచించుకోండి. నేను అడగలేదు.

వానచినుకు:
అందరికీ థాంక్స్. పాతకాపు గారూ, దత్తతకు వచ్చే దంపతుల హోమ్ స్టడీలో (వాళ్ల ఇంటికి వెళ్లి, మాట్లాడి చేసే పరిశీలనలో) మీరు ముఖ్యంగా ఏం చూస్తారు?

పాతకాపు:
ఇల్లు ఎంత పెద్దదో కాదు. జవాబులు చాలామంది బట్టీపట్టే వస్తారు, ఇల్లు అద్దంలా తుడిచి పెడతారు. అందుకే ఇద్దరితో కలిపీ, విడివిడిగానూ మాట్లాడతాను. "దత్తత సంగతి బిడ్డకు ఎప్పుడు చెప్తారు?" అని తప్పకుండా అడుగుతాను. "పెద్దయ్యాక చూద్దాం" అంటే మళ్లీ కూర్చోవాల్సిందే. మాటలు రాని వయసునుంచే ఆ కథ ఇంట్లో వినపడుతుండాలి. పిల్లలు లేని దిగులు ఇంకా పచ్చిగా ఉంటే కూడా తొందరపడను. పుట్టని బిడ్డ స్థానంలో ఈ బిడ్డను కూర్చోబెడితే ఇద్దరికీ అన్యాయం. ఆ మాట మొహం మీద చెప్తే కొందరు లేచి వెళ్లిపోతారు. కొందరు కొన్నాళ్లకు మళ్లీ వస్తారు, అప్పుడు వాళ్ల ఫైలు మొదటినుంచి మొదలుపెడతాను.