చిన్న కాలేజీలో బీఏ సైకాలజీ చదివి ముందుకి పోవచ్చా?

కావలి_పిల్ల:
అందరికీ నమస్తే. కావలి పక్కన చిన్న కాలేజీలో బీఏ రెండో సంవత్సరం చదువుతుండా, మేజర్ సైకాలజీ. క్లాసులో తొమ్మిది మందిమి ఉండాం, మేడం ఒక్కరే, ఆమె సెలవు పెడితే ఆ రోజు క్లాసు లేనట్టే. ల్యాబ్ అంటే ఒక బీరువా, దాంట్లో అద్దంలో చూస్తా నక్షత్రం గీసే బోర్డు, సమానంగా ఉండే గీతలే పొట్టి పొడుగ్గా కనిపించే ముల్లర్ లయర్ బోర్డు, రెండు స్టాప్‌వాచ్‌లు, ఒకటి పనిచేయదు. ఊర్లో ఎవరికి చెప్పినా పిచ్చి డాక్టర్ చదువా అంటారు, లేకపోతే నా మనసులో ఏముందో చెప్పు పాపా అంటారు, నేనేమన్నా సోది చెప్పేదాన్నా. సబ్జెక్ట్ నాకు ఇష్టమే కానీ బెంగళూరు పిల్లల ల్యాబులు ఇన్‌స్టాలో చూస్తే నీరుగారిపోతుండా. ఇక్కడ చదివి క్లినికల్ సైకాలజిస్ట్ అవ్వచ్చా? నాన్న రోజూ బీఈడీ బీఈడీ అంటా ఉండాడు.

ఒంగోలు_అన్న:
పిచ్చి డాక్టర్ అని వాళ్లనేది సైకియాట్రిస్ట్‌ని, ఎంబీబీఎస్ తర్వాత ఎండీ చేస్తారు, మందులు రాసేది వాళ్లు, మనం కాదు. క్లినికల్ కావాలంటే డిగ్రీ ఒక్కటే చాలదు చెల్లెమ్మా, ఆపైన ఆర్‌సీఐ, అంటే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, వాళ్లు గుర్తించిన క్లినికల్ కోర్సు చేసి అక్కడ రిజిస్టర్ అవ్వాలి, ఆ రూల్స్ మారతా ఉంటాయి కాబట్టి వీడియోలు నమ్మకుండా వాళ్ల సైట్‌లోనే చూసుకో. పీజీకి తిరుపతి ఎస్వీ యూనివర్సిటీ నీకు దగ్గరే, వైజాగ్‌లో ఆంధ్రా యూనివర్సిటీ ఉంది, పాండిచ్చేరి సెంట్రల్ యూనివర్సిటీలో అప్లైడ్ సైకాలజీ ఉంది, దానికి సీయూఈటీ పీజీ అనే ఎంట్రెన్స్ రాయాలి. ఎంట్రెన్స్‌లో నీ మార్కులు చూస్తారు గానీ మీ బీరువా ఎంతుందో ఎవరూ అడగరు. మూడు నెలల్లో కౌన్సెలర్ సర్టిఫికెట్ అనే యాడ్‌ల జోలికి మాత్రం పోవద్దు, నేను ఆరు వేలు కట్టి తెచ్చుకున్నది ఫ్రేమ్ కట్టించి గోడకి తగిలించా, అంతవరకే పనికొచ్చింది.

కందుకూరు_అక్క:
మాకైతే బీరువా కూడా లేదు. స్ట్రూప్ ప్రయోగం తెలుసుగా, 1935 నాటిది, ఎరుపు అనే మాటని నీలం ఇంకుతో రాసి, మాట చదవకుండా ఇంకు రంగు చెప్పమంటాం. కార్డులు ఎక్కడివి, పాత పెళ్లి పత్రికల వెనక స్కెచ్ పెన్నులతో రాసుకున్నా. మా అమ్మ ఎరుపు, ఛ కాదు నీలం అని ప్రతిదానికీ నాలుక కరుచుకుంది. మా పెదనాన్న మనవడు, ఆరో తరగతి, ఇంగ్లీష్ మీడియం, వాడు టకటకా చెప్పేశాడు. వీడేంది ఇంత చురుకు అనుకున్నా, తీరా చూస్తే వాడికి తెలుగు కూడబలుక్కుంటే గానీ రాదు, ఇంక మాట అడ్డమొచ్చేదెక్కడ! అవే ఇంగ్లీషులో రాసి ఇస్తే వాడూ తడబడ్డాడు. సార్‌కి చెప్తే ఒక్కడితో ఏం తేలుద్ది, ఇంకో పది మందిని పట్టుకురా అన్నాడు, వీధిలో పిల్లలందరికీ బిస్కెట్లు కొనాల్సొచ్చింది నాకు. వైవాకి వచ్చిన ఎక్స్‌టర్నల్ రికార్డులో ఆ పేజీ దగ్గరే ఆగిపోయి ఇదెవరు చెప్పారమ్మా నీకు అనడిగారు. తొమ్మిది మందే ఉండారంటే ఆ బోర్డు రోజూ నీ చేతికొస్తుంది, అరవై మందున్న క్లాసులో ఒక్కసారి ముట్టుకుంటే గొప్ప. స్టాటిస్టిక్స్ మాత్రం వదలొద్దు, బీఏలో లెక్కలుండవని వచ్చినోళ్లంతా స్టాండర్డ్ డీవియేషన్, టీ టెస్ట్ దగ్గర బోల్తా కొడతారు, నాతో సహా.

సింగరాయకొండ_మాస్టారు:
నాన్న మాట కొట్టిపారేయకమ్మా. టెట్‌లో 150 మార్కులకి 30 శిశు వికాసం, పెడగాగీ మీదే, నీ సబ్జెక్టే. కానీ నువ్వు చదివే మిగతా సబ్జెక్టులకి బీఈడీలో మెథడాలజీ, అంటే బడిలో చెప్పడానికి ఎంచుకునే సబ్జెక్ట్, కుదురుతుందో లేదో ముందు కనుక్కో. అది తేలకుండా ఇంట్లో గొడవెందుకు.

కావలి_పిల్ల:
థాంక్స్ అన్నా, అక్కా, మాస్టారూ. మెథడాలజీ సంగతి రేపే అడుగుతా. అక్కా, సాయంత్రమే స్కెచ్ పెన్నులు తెచ్చా. మా నాయనమ్మకి చదువు రాదు, ఆమెకి మాట అసలు అడ్డం రాదు కదా, ఎట్టా చెప్తుందో చూడాల.

కందుకూరు_అక్క:
పసుపు పెన్ను పక్కన పెట్టెయ్. మా అవ్వ పసుపునీ పచ్చ అంటది, ఆకునీ పచ్చే అంటది, తప్పు ఆమెదా నాదా తేలక సగం పేజీ కొట్టేశా.