డిగ్రీ పిలకాయలకి ఇంటర్నేషనల్ రిలేషన్స్ ఎట్టా చెప్పాలి?

ప్రశ్న: కావలి దగ్గర డిగ్రీ కాలేజీలో పొలిటికల్ సైన్స్ చెప్తుండా. రియలిజం (దేశాలు తమ బలం, స్వార్థమే చూసుకుంటాయనే సిద్ధాంతం), లిబరలిజం (సంస్థలు, నియమాలతో దేశాలు కలిసి పనిచెయ్యగలవనే సిద్ధాంతం) అనంగానే పిలకాయలు బట్టీ పట్టేస్తుండారు, సొంతంగా ఆలోచించాలంటే ఏం చెయ్యాలి?

జవాబు: రొయ్యలతో మొదలుపెట్టండి మేడమ్. తాబేళ్లు తప్పించుకునే పరికరం వలలకి లేదని అమెరికా సముద్రపు రొయ్యల్ని ఆపితే (గుంట రొయ్యలు కాదు) మనం, మలేషియా, థాయ్‌లాండ్, పాకిస్తాన్ కూడా డబ్ల్యూటీఓకి (ప్రపంచ వాణిజ్య సంస్థకి) పొయినాం, 1998లో అక్కడ అప్పీళ్లు వినే అప్పీలేట్ బాడీ తాబేళ్ల రక్షణ సబబే గానీ దేశాల మధ్య వివక్ష చూపించారని అమెరికాని తప్పుపట్టింది. భారత్, పాకిస్తాన్ ఒకే పక్క! దీనికి రియలిజం సరిపోతదా, లిబరలిజం సరిపోతదా అని వాదించుకోనీండి.

జవాబు: అన్న చెప్పింది కరెక్టు. 2025 ఆగస్టులో ట్రంప్ మన సరుకు మీద సుంకం 50 శాతం చేసింది కూడా కలపండి.

జవాబు: రీసెర్చికి కూడా ఇదే మంచి టాపిక్ మేడమ్, కాకపోతే రొయ్యల రైతునీ ఎక్స్‌పోర్టర్‌నీ విడివిడిగా అడగండి, ఇద్దరి లెక్కా ఒకటి కాదు.