.22-250లో 69 గ్రెయిన్ బుల్లెట్ అడ్డంగా తగులుతోంది: ట్విస్ట్ సమస్యేనా?

గురి224:
రైఫిల్ .22-250 రెమింగ్టన్, బ్యారెల్ ట్విస్ట్ (బుల్లెట్‌ను తిప్పే లోపలి గాడుల మెలిక) 14 అంగుళాలకు ఒక చుట్టు. 100 మీటర్లలో 40, 55 గ్రెయిన్ (బుల్లెట్ బరువు కొలత) బుల్లెట్లకు గ్రూప్ (కన్నాలు ఒకచోట పడటం) బాగుంది. 69 గ్రెయిన్ బోట్‌టెయిల్ (వెనక సన్నబడే బుల్లెట్) పెడితే కాగితం మీద కన్నాలు గుండ్రంగా కాక సాగి ఉంటున్నాయి, గ్రూప్ అసలు కట్టడం లేదు. వేగం పెంచితే సర్దుకుంటుందా, 8 ట్విస్ట్ బ్యారెల్ వేయించాలా? వేయిస్తే అందులో 40 గ్రెయిన్ కూడా నడుస్తుందా?

రైఫ్లింగ్‌_లెక్క:
వేగంతో సర్దుకోదండి. స్థిరత్వం వేగపు ఘనమూలం లెక్కనే పెరుగుతుంది. 10 శాతం వేగం పెంచినా దక్కేది 3 శాతం, ఆ పైన ప్రెషర్ ప్రమాదం ఒకటి. అదే ట్విస్ట్‌కైతే వర్గం లెక్క: 14 నుంచి 9కి వస్తే దాదాపు 2.4 రెట్లు.

చూడాల్సింది బరువు కాదు, పొడవు. ఈ వేగాలకు కావాల్సిన ట్విస్ట్ చెప్పే గ్రీన్‌హిల్ సూత్రం: 180 × వ్యాసం వర్గం ÷ పొడవు. వ్యాసం 0.224, పొడవు 0.9 అంగుళం వేస్తే 10 వస్తుంది. అది అంచు. చలిలో గాలి చిక్కబడితే ఆ అంచూ చాలదు, కాబట్టి 9 తీసుకోండి. సీసం లేని రాగి బుల్లెట్ అదే బరువుకు ఇంకా పొడుగు. దానికి గ్రెయిన్లు చూసి మోసపోవద్దు.

పల్చని‌_జాకెట్:
40 గ్రెయిన్ సంగతి. నిమిషానికి చుట్లు = సెకనుకు అడుగుల్లో వేగం × 720 ÷ ట్విస్ట్. 4,000 అడుగుల వేగంలో 14 ట్విస్ట్‌కు సుమారు 2,06,000, 8 ట్విస్ట్‌కు 3,60,000. పల్చని జాకెట్ (పైనుండే లోహపు తొడుగు) వార్మింట్ బుల్లెట్లు (చిన్న జంతువుల వేటకు చేసినవి) 3,00,000 దాటాక నమ్మకం లేదు. దారిలోనే బూడిదరంగు పొగలా విచ్చిపోతాయి, కాగితం మీద కన్నమే ఉండదు. గాడులు గరుకుబారిన బ్యారెల్‌లో ఇంకా ముందే. మందపు జాకెట్ ఉన్నవి వాడండి, లేదా వేగం తగ్గించండి.

గురి224:
అయితే 9 వేయిస్తాను. బ్యారెల్ ఎన్నాళ్లు మన్నుతుంది?

త్రోట్‌_మాస్టర్:
చాంబర్ (తూటా కూర్చునే గది) కోసేముందు, దాన్ని కోసే రీమర్ ఇచ్చే త్రోట్ (చాంబర్‌కూ గాడులకూ మధ్య భాగం) పొడవు అడగండి. పొట్టి త్రోట్‌లో పొడుగు బుల్లెట్ కేసులోకి లోతుగా దిగి మందు చోటు తింటుంది. బయటికి తెస్తే మ్యాగజైన్‌లో పట్టదు.

మన్నిక రౌండ్ల లెక్క కన్నా వేడి లెక్క. .223 రెమింగ్టన్ తూటాతో పోలిస్తే ఇందులో మందు సుమారు ఒకటిన్నర రెట్లు, కన్నం మాత్రం అదే. అందుకే గాడులు మొదలయ్యేచోట ఉక్కు పగుళ్లుబారి అరుగుతుంది. 1935లో వచ్చిన .220 స్విఫ్ట్‌కు బ్యారెల్ తినేస్తుందన్న పేరు వచ్చిందీ ఇలాంటి కారణానికే. మూడు నాలుగు రౌండ్లు కాల్చి, బ్యారెల్‌ను చేత్తో పట్టుకోగలిగేదాకా ఆగండి. రాగి పొర తీయడానికి అమ్మోనియా ద్రావకం వేస్తే రాత్రంతా వదలొద్దు. ఇత్తడి జాగ్ (శుభ్రం చేసే గుడ్డను నెట్టే రాడ్ కొన) వాడితే గుడ్డ ఎప్పుడూ నీలంగానే వస్తుంది, అది బ్యారెల్ రాగి కాదు. నైలాన్ జాగ్ తీసుకోండి.