అమ్మానాన్నల ఇంటి కెమెరా ఊరి బయటి నుంచి చూడాలంటే పోర్ట్ తెరవాలా, క్లౌడ్ చాలా?

తెనాలి_టు_పుణె:
తెనాలిలో అమ్మానాన్న ఇద్దరే ఉంటారు. గేటు దగ్గర ఒకటి, పెరట్లో ఒకటి కెమెరా పెట్టించి, లోపల నాలుగు ఛానెళ్ల ఎన్‌వీఆర్ (కెమెరాల వీడియోను రికార్డ్ చేసే పెట్టె) బిగించాం. ఇంటి వైఫై మీద ఫోన్‌లో బాగానే కనిపిస్తోంది. పుణె నుంచి తెరిస్తే మాత్రం చక్రం తిరుగుతూనే ఉంటుంది. బిగించినాయన రూటర్‌లో 8000, 554 పోర్టులు ఫార్వార్డ్ చేసి (అంటే బయటి నుంచి నేరుగా ఎన్‌వీఆర్‌కు దారి తెరిచి) వెళ్లాడు. ఇప్పుడు ఫోన్ చేస్తే "స్టాటిక్ ఐపీ తీసుకోండి సార్" అంటున్నాడు (ఎప్పుడూ మారని నెట్ అడ్రస్ అట). మా తమ్ముడేమో అవన్నీ పీకేసి రికార్డింగ్ కంపెనీ సర్వర్లలో ఉండే క్లౌడ్ కెమెరాలు కొనమంటున్నాడు. ఏం చేయమంటారు?

కేబుల్_బాబాయ్:
ఆయన చెప్పింది కరెక్టే. నేనూ ఈ పనే చేస్తాను. స్టాటిక్ ఐపీ ఉంటే మధ్యలో ఎవడి సర్వరూ అక్కర్లేదు, వీడియో నేరుగా వస్తుంది. క్లౌడ్ అంటే నెలనెలా కట్టాలి, నెట్ పోతే రికార్డింగూ పోతుంది. ఎన్‌వీఆర్ పీకేయడం మాత్రం శుద్ధ దండగ.

ప్యాకెట్_పిచ్చోడు:
ఎన్‌వీఆర్ ఉంచమన్నంత వరకు బాబాయ్‌తో నాకు పేచీ లేదు. 4 ఎంబీపీఎస్ కెమెరా ఒకటి 24 గంటలు తిరిగితే రోజుకు దాదాపు 43 జీబీ. రెండు కెమెరాలకు 1 టీబీ డిస్క్ పదకొండు రోజులకు పైగా వస్తుంది. అదంతా క్లౌడ్‌కు ఎక్కించడం మన అప్‌లోడ్‌తో అయ్యే పనా?

పోర్ట్ సంగతికి వద్దాం. రూటర్ పేజీ తెరిచి వ్యాన్ ఐపీ (నెట్ కంపెనీ మీ రూటర్‌కు ఇచ్చిన అడ్రస్) చూడండి. 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే మీరు సీజీన్యాట్ వెనక ఉన్నట్టు. అంటే ఒకే బయటి అడ్రస్‌ను ఎందరో కస్టమర్లు పంచుకుంటున్నారు. మీ ఫ్లాట్ తలుపు బార్లా తీశారు సరే, అపార్ట్‌మెంట్ మెయిన్ గేటు తాళం మీ చేతిలో లేదు. ఎన్ని పోర్టులు ఫార్వార్డ్ చేసినా బయటి నుంచి వచ్చే రిక్వెస్ట్ మీ రూటర్ దాకా రాదు.

స్టాటిక్ ఐపీ తీసుకుంటే పనిచేస్తుంది. అసలు భయం అక్కడే. 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ ఇలా నెట్‌కు తెరిచి ఉన్న కెమెరాల్లో, డీవీఆర్ అనే రికార్డింగ్ పెట్టెల్లో, రూటర్లలో అరవై చిల్లర డిఫాల్ట్ పాస్‌వర్డ్‌లతోనే దూరింది. ఆ అక్టోబర్‌లో డైన్ అనే డీఎన్ఎస్ (సైట్ పేరును బట్టి దాని అడ్రస్ చెప్పే సేవ) కంపెనీ మీద దాడి చేయించి ట్విటర్, నెట్‌ఫ్లిక్స్ లాంటివి చాలామందికి తెరుచుకోకుండా చేసింది.

కేబుల్_బాబాయ్:
పాస్‌వర్డ్ మార్చుకుంటే సరిపోయేదానికి ఇంత రామాయణమా? నా కస్టమర్లందరికీ మారుస్తాను.

ప్యాకెట్_పిచ్చోడు:
అందరికీ ఒకటే పెట్టడం లేదు కదా బాబాయ్? (మా కాలనీలో బిగించినాయన ప్రతి ఇంటికీ ఊరి పేరు పక్కన 123 పెట్టాడు.) పాస్‌వర్డ్ ఎంత గట్టిదైనా ఫర్మ్‌వేర్‌లో (కెమెరా లోపలి సాఫ్ట్‌వేర్‌లో) బొక్క ఉంటే ఏం లాభం? 2021లో హిక్‌విజన్ కెమెరాల్లో బయటపడిన లోపానికి పాస్‌వర్డే అక్కర్లేకపోయింది, పోర్ట్ అందితే చాలు. కంపెనీ ప్యాచ్ ఇచ్చింది. ఇళ్లలో ఎంతమంది వేసుకుంటారు? 8000 బదులు 48213 పెట్టినా దాగదు, రోజంతా అన్ని పోర్టులూ తట్టి చూసే యంత్రాలు ఉన్నాయి.

వనస్థలి_అక్క:
తమ్ముళ్లూ, ఆయన కొత్తగా ఏదీ కొనక్కర్లేదు. చాలా ఎన్‌వీఆర్‌లలో పీటుపీ అని, కంపెనీ సర్వర్ సాయంతో ఫోన్‌ను ఎన్‌వీఆర్‌కు కలిపే సదుపాయం ఉంటుంది. మెనూలో దాన్ని ఆన్ చేసి, కంపెనీ యాప్‌తో క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే అయిపోతుంది. ఎన్‌వీఆర్ తనే బయటికి వెళ్లి కంపెనీ సర్వర్‌ను పలకరిస్తుంది కాబట్టి సీజీన్యాట్ అడ్డురాదు, మనం పోర్ట్ తెరవం. రికార్డింగ్ ఇంట్లో డిస్క్ మీదే ఉంటుంది.

ఇంకోమాట. గేటు, పెరడు సరే. "హాల్లో కూడా ఒకటి పెడదాం" అనిపిస్తే ముందు అమ్మగారిని అడగండి. మా అత్తగారు హాల్లో కెమెరా మీద తువ్వాలు కప్పి, మూణ్నెల్లు అలాగే ఉంచారు. ఆవిడ తప్పేం లేదు.

ప్యాకెట్_పిచ్చోడు:
పీటుపీ అంటే తాళంచెవి కంపెనీ చేతిలో పెట్టడమే అక్కా. 2021లో వెర్కాడా అనే అమెరికా కంపెనీలో అడ్మిన్ లాగిన్ ఒకటి బయటివాళ్లకు దొరికితే దాదాపు లక్షన్నర కెమెరాలు వాళ్లకు కనిపించాయి. వాటిలో ఆసుపత్రులు, జైళ్లలోవి కూడా ఉన్నాయి. నా ఓటు వీపీఎన్‌కే, అంటే మన ఫోన్‌కూ ఇంటికీ మధ్య మనదైన రహస్య దారికే. ఇంట్లో రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ మీద టెయిల్‌స్కేల్ అనే వీపీఎన్ పెడితే సీజీన్యాట్ వెనక నుంచీ పనిచేస్తుంది.

వనస్థలి_అక్క:
ఆ పై హ్యాంగైతే తెనాలిలో ఎవరు రీస్టార్ట్ చేస్తారు, పెద్దాయనా? నువ్వు రోజూ చూసుకోగలవు కాబట్టి నీకు సుఖం. కంపెనీని నమ్మక తప్పదు, పెరటి వీడియో వరకు ఆ నమ్మకం చాలు.

తెనాలి_టు_పుణె:
వ్యాన్ ఐపీ 100.72తో మొదలవుతోంది. ఫార్వార్డింగ్ తీయించేశాను. అక్క చెప్పినట్టు క్యూఆర్‌తో పెడితే పుణెలో బ్రహ్మాండంగా వస్తోంది! కానీ పెరటి కెమెరా చీకటి పడగానే పోతోంది, పొద్దున్నే దానంతట అదే వస్తోంది. ఇదీ నెట్‌వర్కేనా?

కేబుల్_బాబాయ్:
ఇది నా సబ్జెక్ట్. పీవోఈ కెమెరాయేగా, అంటే నెట్ కేబుల్‌లోనే కరెంటు వచ్చేది? చీకట్లో చూడటానికి ఐఆర్ (కంటికి కనిపించని) లైట్లు వెలిగి కరెంటు ఎక్కువ లాగుతాయి. కేబుల్ సన్నదో నాసిదో అయితే వోల్టేజ్ పడిపోయి కెమెరా రీబూట్ అవుతూ ఉంటుంది. చివర జాకెట్ ఒలిచి, లోపలి తీగను బ్లేడుతో గీకమనండి. రాగి పొర కింద తెల్లగా కనిపిస్తే అది అల్యూమినియం తీగ. అసలు రాగి క్యాట్6తో 100 మీటర్ల దాకా ఇబ్బంది ఉండదు. ముందు పెరటి కెమెరాను విప్పి, ఎన్‌వీఆర్ పక్కనే మీటరు కేబుల్‌తో రాత్రంతా ఉంచి చూడండి. నిలబడితే కెమెరా మంచిదే, కేబుల్ మార్చాలి.

ప్యాకెట్_పిచ్చోడు:
బాబాయ్‌తో నూటికి నూరుపాళ్లు. ఎన్‌వీఆర్‌లో, రూటర్‌లో యూపీఎన్‌పీ (పరికరాలు తమంతట తామే పోర్టులు తెరిపించుకునే సదుపాయం) కూడా ఆపేయండి, లేకపోతే మీరు మూసిన పోర్టులను అది మళ్లీ తెరవమని అడుగుతుంది. యాప్‌కు రెండంచెల లాగిన్ తప్పనిసరి. పీటుపీ మీద నా మాట మారలేదు.

వనస్థలి_అక్క:
మార్చుకోకు. ఆ రెండంచెల లాగిన్ మాత్రం నాన్నగారి నంబర్ మీద పెట్టకండి. ఓటీపీ కోసం అర్ధరాత్రి ఆయన్ని లేపాల్సి వస్తుంది.