కమ్యూనిటీ ఫౌండేషన్‌లో ఉన్న నా నిధి నుంచి మా ఊరి బడికి డబ్బు పంపనివ్వడం లేదు, దారి చెప్పగలరా?

ప్లేనో_గోదావరి:
సభ్యులందరికీ నమస్కారం. మధ్యాహ్నం భోజనం చేసి కూర్చున్నవాడిని, ఇప్పుడు రాత్రి పదకొండు దాటింది, పని మాత్రం అంగుళం కదలలేదు. ఇక్కడ అమెరికాలో ఒక కమ్యూనిటీ ఫౌండేషన్‌లో నా పేరుతో నిధి ఉంది. పశ్చిమ గోదావరి జిల్లాలోని మా ఊరి జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో సైన్సు ప్రయోగశాల ఏర్పాటు చేయించాలని, ఆ నిధి నుంచి 20 వేల డాలర్లు మా పూర్వ విద్యార్థుల సంఘానికి పంపడానికి ప్రయత్నిస్తున్నాను. గ్రహీత వివరాల దగ్గర ఈఐఎన్ అనే సంస్థ గుర్తింపు సంఖ్య అడుగుతోంది. ఆ గడిలో తొమ్మిది అంకెలే పడతాయి. మా సంఘం పాన్ నంబరులో అక్షరాలూ అంకెలూ కలిపి పది ఉన్నాయి. చివరి అక్షరం తీసేసి ఎక్కించినా ‘అంకెలు మాత్రమే’ అని ఎర్రగా చూపిస్తోంది.

ఫోన్ చేస్తే, విదేశీ సంస్థలకు తాము సాధారణంగా ఇవ్వమని మర్యాదగా చెప్పి పెట్టేశారు. నా డబ్బు మా ఊరికి పంపుకోవడానికి వీళ్ల అభ్యంతరం ఏమిటో అర్థం కావడం లేదు. మా సంఘానికి రిజిస్ట్రేషన్ ఉంది, ఆదాయపు పన్ను మినహాయింపులకు కావలసిన 12ఏబీ ఉంది, 80జీ కూడా ఉంది. జూన్‌లో బడులు తెరిచేలోగా పని మొదలు కావాలి. ఆ గడిలో ఏ నంబరు ఎక్కించాలో తెలిసినవారు దయచేసి చెప్పండి.

మితభాషి:
సంఘానికి ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) రిజిస్ట్రేషన్ ఉందా? లేకపోతే ఆ గడిలో ఏం ఎక్కించినా ఒకటే.

క్లీవ్‌లాండ్_శర్మ:
అసలు కమ్యూనిటీ ఫౌండేషన్ దేనికోసం పుట్టిందో తెలుసుకుంటే వారి మీద ఈ కోపం ఉండదని నా అభిప్రాయం. 1914లో మా క్లీవ్‌లాండ్‌లో ఫ్రెడరిక్ గోఫ్ అనే న్యాయవాది, అప్పటికి ఒక ట్రస్టు బ్యాంకుకు అధ్యక్షుడిగా ఉన్నవారు, ప్రపంచంలో మొట్టమొదటి కమ్యూనిటీ ఫౌండేషన్‌ను స్థాపించారు. ఎవరో దాత ఎప్పుడో వీలునామాలో రాసిన ప్రయోజనానికి కాలం చెల్లిపోయినా, ఆ డబ్బును వేరే మంచి పనికి వాడడానికి వీలులేక అది బ్యాంకుల్లో మూలుగుతూ ఉండడం ఆయన తన వృత్తిలో చూశారు. అందుకని ఊరివారి విరాళాలన్నింటినీ ఒకచోట చేర్చి, పెట్టుబడి బాధ్యత బ్యాంకుకూ, ఖర్చు నిర్ణయం ఆ ఊరి పౌరుల కమిటీకీ అప్పగించి, కాలానికి తగినట్టు అవసరాలను ఆ కమిటీయే నిర్ణయించే పద్ధతి పెట్టారు. మీ టెక్సస్‌లో డాలస్ ఫౌండేషన్ 1929 నుంచే ఉంది. 2009లో మొదలైన నార్త్ టెక్సస్ గివింగ్ డే అనే విరాళాల దినం ఏటా సెప్టెంబరులో జరుగుతుంది. ఆ ఒక్క రోజున చిన్నచిన్న స్థానిక సంస్థలకు కూడా వందలాది కొత్త దాతలు పరిచయమవుతారు.

ఇంకొక సంగతి. ఇవి కేవలం దాతల డబ్బు దాచిపెట్టే ఖాతాలు కావు. స్థానిక సేవాసంస్థ తన ఎండోమెంటును, అంటే శాశ్వత నిధిని, వీరి దగ్గర ఉంచితే, వీరు దానిని మదుపు చేసి ఏటా నాలుగైదు శాతం చొప్పున ఆ సంస్థకు అందజేస్తారు. దాత ఏ షరతూ పెట్టకుండా వదిలేసిన నిధి ఉంటే, ఊరిలో వరద వచ్చినా, ఆకలి పెరిగినా వెంటనే తీసి ఇవ్వగలిగేది ఆ సొమ్మే. మనవాళ్లు ఇరవై ఏళ్లుగా ఇక్కడే ఉంటూ, పిల్లలను ఇక్కడి బడులలోనే చదివించుకుంటూ, పేదలకు ఉచితంగా సరుకులిచ్చే ఇక్కడి ఫుడ్ ప్యాంట్రీకి ఒక్క డాలరు కూడా ఇవ్వకపోవడం గురించి ఎవరో ఒకరు మాట్లాడాలి.

ప్లేనో_గోదావరి:
శర్మగారూ, నేను అడిగింది గోఫ్ గారి చరిత్ర కాదండీ. ఫుడ్ ప్యాంట్రీకి ప్రతి థాంక్స్‌గివింగ్‌కూ ఇస్తూనే ఉన్నాను. మితభాషి గారూ, ఎఫ్‌సీఆర్‌ఏ ఎన్నారైలకు వర్తించదని మా బావగారు ఖచ్చితంగా చెప్పారు. ఆయన విజయవాడలో ఆడిటర్ దగ్గర పని చేస్తారు.

పద్దుల_పంతులు:
ప్లేనో గారూ, సమాధానం చెప్పాలంటే ముందు కొన్ని విషయాలు తెలియాలి. ఆ నిధి డోనర్ అడ్వైజ్డ్ ఫండా (దాత సలహా మీద ఫౌండేషన్ గ్రాంట్లు ఇచ్చే నిధి), మరొకటా? అందులో వేసిన సొమ్ముకు పన్ను మినహాయింపు తీసుకున్నారా? మీ సంఘం రిజిస్టరై ఎంత కాలమైంది?

మితభాషి:
పాస్‌పోర్టు ఏ దేశానిది?

ప్లేనో_గోదావరి:
అవన్నీ ఎందుకో తెలియదు కానీ చెబుతున్నాను. అది డోనర్ అడ్వైజ్డ్ ఫండే. కంపెనీ వారు ఇచ్చిన షేర్లు బాగా పెరిగినప్పుడు ఒక డిసెంబరులో వాటిని అందులోకి బదలాయించాను. ఆ సంవత్సరం రిటర్నులో మినహాయింపు వచ్చింది. సంఘం రిజిస్టరై రెండేళ్లు కావస్తోంది. నాకు 2019లో అమెరికా పౌరసత్వం వచ్చింది, విదేశీ పౌరులైన భారత సంతతివారికి ఇచ్చే ఓసీఐ కార్డు ఉంది. ఫౌండేషన్ వారు కుదరదంటే ఆ షేర్ల డబ్బు నాకు వెనక్కి ఇచ్చేస్తే నేనే పంపుకుంటాను.

మితభాషి:
హుండీలో వేసిన నోటు వెనక్కి రాదు.

పద్దుల_పంతులు:
ఆయన క్లుప్తంగా అన్నదే చట్టం కూడా చెబుతోంది. షేర్లు బదలాయించిన రోజునే ఆ సొమ్ము ఫౌండేషన్ ఆస్తి అయిపోయింది. షేర్ల పెరుగుదల మీద పన్ను కట్టకుండా, పూర్తి మార్కెట్ విలువకు, మీ ఆదాయంలో 30 శాతం పరిమితి వరకు మినహాయింపు వచ్చింది ఆ కారణంగానే. మీకు మిగిలింది సలహా ఇచ్చే హక్కు. నిర్ణయం మాత్రం ఫౌండేషన్ బోర్డుది. కనుక ‘నా డబ్బు’ అని మీరు అంటున్నది కాగితం మీద మీది కాదు, మీరు నింపుతున్న ఆ పత్రం కూడా చెక్కు కాదు, సిఫారసు మాత్రమే.

ఇక గడి సంగతి. ఈఐఎన్ అనేది అమెరికాలోని సంస్థకు అక్కడి పన్నుల శాఖ ఐఆర్‌ఎస్ ఇచ్చే సంఖ్య. మీ సంఘానికి అది ఉండదు, ఉండనవసరం లేదు. 12ఏబీ, 80జీ భారతదేశంలోని ఆదాయపు పన్నుకు సంబంధించినవి. వాటిని చూసి ఇక్కడి ఫౌండేషన్ గ్రాంటు ఇవ్వలేదు. డోనర్ అడ్వైజ్డ్ ఫండ్ నుంచి విదేశీ సంస్థకు ఇవ్వాలంటే అమెరికా చట్టం రెండు మార్గాలు చూపిస్తుంది. ఆ సంస్థ ఇక్కడి 501(సి)(3) ధర్మసంస్థకు, అంటే పన్ను మినహాయింపు ఉన్న సేవాసంస్థకు, సమానమని పత్రాలన్నీ పరిశీలించి నిర్ధారించడం మొదటిది. ముందస్తు విచారణ, రాతపూర్వక ఒప్పందం, ఖర్చుల నివేదికలు, ఐఆర్‌ఎస్‌కు సమాచారం వంటి బాధ్యతలన్నీ ఫౌండేషనే నెత్తిన వేసుకోవడం రెండవది. ఈ రెండూ చేయకుండా ఇస్తే ఆ గ్రాంటులో 20 శాతం ఫౌండేషన్ మీద పన్ను పడుతుంది. స్థానిక సంస్థలకు ఇవ్వడానికి ఏర్పాటైన చిన్న ఫౌండేషన్‌కు ఒక ఊరి సంఘం కోసం ఈ శ్రమ ఎందుకన్న భావన ఉండడం సహజం. అందుకే మీకు ఫోన్‌లో ఆ జవాబు వచ్చింది.

కాకరపర్తి_కుర్రాడు:
ఇంత దూరం ఎందుకండీ? ఎన్నారై పంపే డబ్బు విదేశీ విరాళం కాదని హోంశాఖ వారి ప్రశ్నోత్తరాలలోనే ఉంది. నేను చదివాను. ఫౌండేషన్‌ను పక్కన పెట్టి, వేరే డబ్బు తీసి నేరుగా సంఘం ఖాతాకు పంపేయండి.

మితభాషి:
ఆ వాక్యం భారత పౌరులకు. ఆయన పౌరుడు కాదు.

కాకరపర్తి_కుర్రాడు:
ఓసీఐ ఉంటే ఎన్నారైతో సమానమే కదా? బ్యాంకులో ఎన్నారై ఖాతా ఇస్తున్నారు, ఇల్లు కొనుక్కోనిస్తున్నారు. విరాళం దగ్గర మాత్రం పరాయివాడు ఎలా అవుతాడు?

పద్దుల_పంతులు:
బ్యాంకు ఖాతాకూ, ఇంటికీ వర్తించేది విదేశీ మారక ద్రవ్య చట్టం. విరాళాలకు వర్తించేది 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం. మొదటిది ఓసీఐ వారికి చాలా సౌకర్యాలు ఇచ్చింది. రెండవది పాస్‌పోర్టు ఒక్కటే చూస్తుంది. భారత పాస్‌పోర్టు ఉన్నవారు తమ సొంత పొదుపు నుంచి మామూలు బ్యాంకు మార్గంలో పంపితే అది విదేశీ విరాళం కాదు. పాస్‌పోర్టు మారినవారు పంపితే ప్రతి రూపాయీ విదేశీ విరాళమే. ప్లేనో గారి బావగారు చెప్పింది తప్పు కాదు, కాకపోతే అది 2019కి ముందు ప్లేనో గారికి వర్తించేది.

దీనితో పాటు ఇంకొకటి గమనించాలి. ఒకవేళ ఆయన చేతిలో ఇవాళ భారత పాస్‌పోర్టు ఉన్నా, ఈ నిధి విషయంలో ఫలితం మారేది కాదు. ఎందుకంటే ఇక్కడ దాత ఆయన కాదు, ఫౌండేషన్. అది అమెరికా సంస్థ. మన గుంపులో హెచ్1బీ వీసా మీద ఉండి ఇలాంటి నిధులు తెరిచినవారు ఉన్నారు కాబట్టి ఇది ప్రత్యేకంగా చెబుతున్నాను. భారత పాస్‌పోర్టు ఉన్న అలాంటివారు నేరుగా పంపితే ఎఫ్‌సీఆర్‌ఏ అడ్డురాదు కానీ అమెరికాలో మినహాయింపు రాదు. ఫౌండేషన్ ద్వారా పంపితే మినహాయింపు వస్తుంది కానీ ఎఫ్‌సీఆర్‌ఏ తప్పదు.

కాకరపర్తి_కుర్రాడు:
అయితే ఊళ్లో ఉన్న తమ్ముడికి పంపితే సరిపోతుంది. బంధువులకు ఏడాదికి పది లక్షల వరకు ఎవరికీ తెలియజేయనవసరం లేదు. తమ్ముడు తన పేరుతో సంఘానికి ఇస్తాడు.

మితభాషి:
తమ్ముడిని ఇరికించే సలహా.

పద్దుల_పంతులు:
ఆ వెసులుబాటు బంధువు సొంత అవసరాల కోసం వచ్చే సొమ్ముకు ఉద్దేశించినది. సంఘానికి చేర్చాలనే ఉద్దేశంతోనే తమ్ముడి ఖాతాలో వేస్తే, రేపు సంఘం లెక్కలు తనిఖీకి వచ్చినప్పుడు సమాధానం చెప్పుకోవలసింది ఆ తమ్ముడూ, సంఘం కార్యదర్శీ. పైగా ఫౌండేషన్ నిధి నుంచి వ్యక్తులకు గ్రాంటు ఇవ్వడమే నిషిద్ధం, కనుక ఈ 20 వేల డాలర్లకు ఆ దారి అసలే లేదు.

ప్లేనో_గోదావరి:
అయితే ఆ డబ్బు ఇక మా ఊరికి చేరే అవకాశమే లేదంటారా? తాడేపల్లిగూడెం దగ్గర ఎఫ్‌సీఆర్‌ఏ ఉన్న ఒక ట్రస్టు ఉంది, వారికి పంపితే వారు మా సంఘానికి ఇవ్వలేరా?

పద్దుల_పంతులు:
2020కి ముందు అలా చేసేవారు. ఆ సంవత్సరం చేసిన సవరణతో, ఒక సంస్థ అందుకున్న విదేశీ విరాళాన్ని మరొక సంస్థకు బదలాయించడం పూర్తిగా నిషిద్ధమైంది. పరిపాలన ఖర్చుల పరిమితిని 50 శాతం నుంచి 20 శాతానికి తగ్గించింది, విరాళం ముందుగా న్యూఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖ ఖాతాలోనే పడాలన్నది కూడా ఆ సవరణే. కాబట్టి ఆ ట్రస్టు మీ సంఘానికి చెక్కు ఇవ్వకూడదు. కానీ విద్యాశాఖ అనుమతి తీసుకుని, బల్లలూ సూక్ష్మదర్శినులూ తానే కొని, బిల్లులు తన పేరునే చేయించుకుని, ప్రయోగశాల పనిని తన కార్యక్రమంగా నిర్వహించవచ్చు. స్థలం చూపడం, ప్రధానోపాధ్యాయుడితో మాట్లాడడం, పని నాణ్యత గమనించడం మీ సంఘంవారు చేసుకోవచ్చు.

ఇక్కడివైపు కూడా ఒక సంస్థ కావాలి. భారతదేశంలో విద్యా కార్యక్రమాలు నడిపే 501(సి)(3) సంస్థలు అమెరికాలో చాలా ఉన్నాయి, మనవాళ్లు నడిపేవే ఎన్నో. అలాంటి సంస్థ బోర్డు మీ బడి పనిని పరిశీలించి తన ప్రాజెక్టుగా ఆమోదిస్తే, మీ గడిలో ఆ సంస్థ ఈఐఎన్ ఎక్కించి సిఫారసు చేయండి. ఫౌండేషన్‌కు అది మామూలు దేశీయ గ్రాంటు. ఆ సంస్థ పేరుకు మాత్రమే మధ్యలో ఉండి డబ్బు దాటించడం కుదరదు. వద్దనే అధికారం, పని బాగా లేకపోతే ఆపే అధికారం దానికి నిజంగా ఉండాలి. తాడేపల్లిగూడెం ట్రస్టుతో వారికి ఒప్పందం ఉండాలి. ఇదంతా జూన్‌లోగా పూర్తవుతుందని నేను అనుకోను.

మీ సంఘమే సొంతంగా ఎఫ్‌సీఆర్‌ఏ తెచ్చుకోవాలంటే మూడేళ్ల ఉనికి, గత మూడు ఆర్థిక సంవత్సరాలలో కనీసం 15 లక్షల రూపాయల సేవా వ్యయం చూపాలి. రెండేళ్ల సంఘానికి మిగిలేది ముందస్తు అనుమతి. అది ఫలానా దాత నుంచి, ఫలానా మొత్తం, ఫలానా పనికి అని ఇస్తారు.

క్లీవ్‌లాండ్_శర్మ:
ఇంత తతంగం చదివిన తరువాత కూడా, స్థానికంగా ఇవ్వడం ఎంత తేలికో ఎవరికీ స్ఫురించకపోవడం నాకు ఆశ్చర్యంగా ఉంది. ఈ నిధుల మీద నా అసలు ఆక్షేపణ వేరే ఉంది. ప్రైవేటు ఫౌండేషన్ అయితే ఏటా ఆస్తిలో సుమారు ఐదు శాతం పంచి తీరాలి. డోనర్ అడ్వైజ్డ్ ఫండ్‌కు చట్టంలో ఆ నిర్బంధం లేదు. మినహాయింపు మొదటి సంవత్సరమే తీసుకుని, దానం మాత్రం ఎప్పటికో వాయిదా వేసేవారు మనలో కూడా తక్కువేమీ కాదు.

ఇర్వింగ్_అత్తయ్య:
చర్చ చదువుతున్నాను కనుక అడుగుతున్నాను. వచ్చే కన్వెన్షన్‌కు (మహాసభకు) మావారు దాతల కేటగిరీలో ఇలాంటి నిధి నుంచే ఇస్తానంటున్నారు. బాంక్వెట్‌లో ముందు వరుస బల్ల, రెండు హోటల్ గదులు ఇస్తారట. ఇబ్బంది ఏమైనా ఉందా?

మితభాషి:
ఉంది. బల్లా గదులూ వదులుకోవాలి.

పద్దుల_పంతులు:
అవునమ్మా. ఆ నిధి నుంచి వెళ్లే గ్రాంటుకు బదులుగా దాతకు గానీ కుటుంబానికి గానీ చెప్పుకోదగ్గ ప్రయోజనం అందకూడదు. అందితే ఆ ప్రయోజనం విలువకు 125 శాతం పన్ను ఉంది. టిక్కెట్ల మేరకు సొంత డబ్బు కట్టి, మిగతాది నిధి నుంచి ఇద్దామన్నా ఐఆర్‌ఎస్ వైఖరి అనుకూలంగా లేదు. కన్వెన్షన్‌కు మొత్తం సొంత ఖాతా నుంచి కట్టడమే మేలు.

ఇర్వింగ్_అత్తయ్య:
ఆయనకు చూపిస్తాను. ముందు వరుస బల్ల పోతుందంటే ఒప్పుకోరు.

ప్లేనో_గోదావరి:
సరేనండీ. తాడేపల్లిగూడెం ట్రస్టువారికి మెయిల్ పెట్టాను. ఇక్కడి సంస్థను కూడా వెతుకుతున్నాను. థాంక్స్.

ఫ్రిస్కో_కొత్తవాడు:
నమస్కారం. నేను కూడా ఈ సంవత్సరం ఇలాంటి నిధి తెరవాలనుకుంటున్నాను. నిధి విలువలో ఏటా ఒక శాతం వరకు రుసుము ఉంటుందని విన్నాను. కమ్యూనిటీ ఫౌండేషన్‌లో తెరవడం మంచిదా, పెట్టుబడి కంపెనీలవారు నడిపే వాటిలోనా? 2026 నుంచి ఆదాయంలో మొదటి అర శాతం విరాళాలకు మినహాయింపు రాదంటున్నారు, దాని గురించి కూడా ఎవరైనా చెప్పగలరా?

క్లీవ్‌లాండ్_శర్మ:
ముందుగా 1914 నుంచి ఈ రెండింటి మధ్య తేడా ఎలా వచ్చిందో తెలుసుకోవాలి. వారాంతంలో వివరంగా రాస్తాను.