అమలాపురం వచ్చేశాక అమెరికా రిటర్నులు వేయలేదు, ఇప్పుడెలా?

ప్రశ్న:
నమస్కారమండీ. నాకు అమెరికా పౌరసత్వం ఉంది, 2019లో అమలాపురం వచ్చేశాం. అక్కడ జీతం లేదు కదా అని అప్పట్నుంచి ఒక్క రిటర్నూ వేయలేదు. ఇక్కడ ఫిక్స్‌డ్ డిపాజిట్లు, నా పేరున కొబ్బరి తోట ఉన్నాయి. నోటీసేమీ రాలేదు గానీ రాత్రిళ్ళు నిద్ర పట్టట్లేదు.

జవాబు 1:
టెన్షన్ పడకండి. మీరు కావాలని ఎగ్గొట్టలేదు కాబట్టి పాత రిటర్నులు ఆలస్యంగా వేసి సరిచేసుకునే స్ట్రీమ్‌లైన్డ్ పద్ధతి ఉంది. గడువు దాటిన చివరి 3 ఏళ్ల రిటర్నులు, 6 ఏళ్ల ఎఫ్‌బార్‌లు (అమెరికా బయటి ఖాతాల వివరాలు తెలిపే ఫారాలు), ఎందుకు వేయలేదో మీ మాటల్లోనే రాసే 14653 ఫారం. పన్ను, వడ్డీ ఉంటే కట్టాలి, పెనాల్టీ ఉండదు. అమెరికా పన్ను శాఖే ముందు తనిఖీ మొదలుపెడితే ఈ దారి మూసుకుపోతుంది, త్వరపడండి.

జవాబు 2:
తోట సంగతి మర్చిపోకండి! వ్యవసాయ ఆదాయానికి ఇక్కడ ఇన్‌కమ్ ట్యాక్స్ లేదు గానీ అమెరికా రిటర్నులో చూపించాల్సిందే. నేను అరటి తోట కౌలు చూపించక మళ్ళీ రిటర్ను సవరించుకోవాల్సి వచ్చింది. దింపు దింపుకీ ఎన్ని కాయలు, కూలి ఎంత అని రాసిన చీటీలుంటే దాచండి, ఖర్చులకు అవే ఆధారం.

జవాబు 3:
అమెరికా బయటున్న అన్ని ఖాతాలూ కలిపి ఏడాదిలో ఒక్కరోజు 10,000 డాలర్లు దాటినా ఎఫ్‌బార్ వేయాలి. ఇక్కడ మ్యూచువల్ ఫండ్లుంటే వాటి వివరాలు చూపే 8621 ఫారం గురించి కూడా మీ రిటర్ను వేసేవాళ్ళని అడగండి.

ప్రశ్న అడిగినవారు:
చీటీలు అమ్మ ట్రంకుపెట్టెలో ఉన్నాయి, రేపే తీస్తాను.